ఆర్కిడ్ పిలకలు: ఎప్పుడు వేరు చేయాలి, ఎలా నాటాలి?

ఆర్కిడ్లు పెంచుతున్న పాఠకుల నుంచి కొంతకాలంగా వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం పిలకల గురించే. పూలు రాలిపోయి ఎండిపోతుందనుకున్న పూకాడ మీద చిన్న మొక్క మొలవడం చూసి సంబరపడినవారు కొందరైతే, దాన్ని తొందరపడి కోసి పోగొట్టుకున్నవారు మరికొందరు. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాం. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా ఇచ్చాం.

ప్రశ్న: మా ఫాలెనాప్సిస్ పూలు రాలిన కొన్నాళ్లకు పూకాడ మీద, కింది నుంచి రెండో కణుపు దగ్గర చిన్న మొక్క వచ్చింది. రెండు ఆకులు వేసింది కానీ ఇంకా వేళ్లు లేవు. దాన్ని ఇప్పుడే కోసి నాటవచ్చా? ఎన్ని ఆకులు వచ్చేదాకా ఆగాలి?

జవాబు: ఇప్పుడే కోయవద్దు. ఆకులను లెక్కపెట్టడం కూడా మానేయండి. పిలకను ఎప్పుడు వేరు చేయాలో చెప్పేవి వేళ్లే.

ఫాలెనాప్సిస్ పూకాడను దగ్గరగా చూస్తే కొంత కొంత దూరంలో ఒక్కో కణుపూ, దాన్ని అంటిపెట్టుకుని ఉన్న ముక్కోణపు పొలుసూ కనిపిస్తాయి. ఆ పొలుసు కింద ఒక మొగ్గ నిద్రాణంగా ఉంటుంది. అది పక్కకొమ్మగా సాగి మళ్లీ పూయవచ్చు, ఏమీ కాకుండానే ఎండిపోవచ్చు, లేదా ఆకులు వేసి మీరు చూస్తున్నట్లు పిలకగా మారవచ్చు. ఆర్కిడ్ పెంపకందారులు కీకీ అని పిలిచేది ఈ పిలకనే. రెండాకులు విప్పుకున్న పిలక చూడడానికి పూర్తి మొక్కలాగే ఉంటుంది గాని, అది తీసుకునే నీరంతా తల్లి వేళ్ల నుంచి పూకాడ గుండా వస్తున్నదే. ఆ దారిని తెంచేస్తే, సొంతంగా నీరు పీల్చుకునే అవయవం ఒక్కటీ లేని పిలక తన ఆకుల్లో ఉన్న తడిని ఖర్చుచేసుకుంటూ కొన్ని వారాలు పచ్చగానే కనిపించి, ఆ తరువాత ముడతలు పడి వాడిపోతుంది. ఆ కొన్ని వారాల పచ్చదనాన్ని చూసి నాటుకుందని మోసపోయేవారు చాలామంది.

కనీసం రెండు, వీలైతే మూడు వేళ్లు వచ్చి, ఒక్కొక్కటి 5 నుంచి 7 సెంటీమీటర్ల పొడవు సాగేదాకా ఆగండి. ఇందుకు కొన్ని నెలలు పట్టడం మామూలే, ఏడాది పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఈలోగా పూకాడ పచ్చగా ఉన్నంతకాలం తల్లి మొక్కకు ఎప్పటిలాగే నీరూ, పలుచని ఎరువూ ఇస్తూ ఉండండి. వేళ్లు మరీ ఆలస్యమవుతున్నాయనిపిస్తే పిలక మొదలు చుట్టూ తడిపి గట్టిగా పిండిన స్ఫాగ్నమ్ నాచును వదులుగా చుట్టి, దారంతో కట్టి, అది ఎండినప్పుడల్లా నీళ్లు చిలకరించవచ్చు. నాచు ఆకుల మధ్య భాగానికి తగలకూడదు. అక్కడ తడి నిలిస్తే కుళ్లు పడుతుంది. పూకాడ పొడవుగా వంగి ఉన్నట్లయితే ఇంకా మంచి మార్గం ఉంది. తల్లి కుండీ పక్కనే చిన్న కుండీ ఒకటి పెట్టి, పిలకను కోయకుండానే దాని మొదలు ఆ కుండీలోని నాచుకు ఆనేలా అమర్చి ఉంచితే, వేళ్లు నేరుగా కొత్త కుండీలోకే దిగుతాయి. ఆ తరువాత పూకాడను కోసినా పిలకకు ఆ తేడా తెలియదు. నన్నడిగితే కొత్తవారికి ఇంతకన్నా భద్రమైన పద్ధతి లేదు.

అలా కాకుండా గాలిలోనే వేళ్లు సాగితే, వేరు చేసే రోజున పిలకకు రెండు వైపులా పూకాడను 2, 3 సెంటీమీటర్ల చొప్పున వదిలి కోయండి. ఆ కాడ ముక్క కుండీలో పిలక కదలకుండా గుంజలా ఉపయోగపడుతుంది, కోత వల్ల తెగులు పట్టినా అది పిలక మొదలుకు చేరేలోపు మనం గమనించే వీలుంటుంది. గాలిలో పెరిగిన వేళ్లు బిరుసుగా ఉండి, వంచితే పుటుక్కున విరుగుతాయి. పిలకను ఒక పావుగంట నీళ్లలో నానబెడితే ఆ వేళ్లే మెత్తబడి కుండీలో గుండ్రంగా సర్దుకుంటాయి. 7, 8 సెంటీమీటర్లకు మించని కుండీ చాలు; వేళ్లు కనిపించే పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీ అయితే మరీ మంచిది. పెద్ద కుండీలో వేసి ఎదగడానికి చోటిచ్చామనుకోవడం పొరపాటు, ఎందుకంటే చిన్న వేళ్లు పీల్చుకోలేని తడి అంతా అందులోనే నిలిచిపోతుంది. పిలక మొదలు నాచు పైభాగానికి సమంగా ఉండాలి తప్ప లోపలికి పూడుకుపోకూడదు.

ప్రశ్న: పూకాడ మీద కాకుండా మొక్క మొదట్లోనే కొత్త మొక్క వచ్చింది. పాత మొక్క నడిమి ఆకు కుళ్లి ఊడిపోయింది. పిల్లమొక్కనైనా కాపాడుకోవడానికి విడదీయాలా?

జవాబు: విడదీయకపోవడమే కాపాడుకోవడం. ఫాలెనాప్సిస్ ఒకే కాండంతో, ఒకే శిఖరమొగ్గతో పైకి పెరిగే జాతి. ఆ శిఖరం కుళ్లితే పాత మొక్కకు ఇక కొత్త ఆకు రాదు, కానీ మిగిలిన ఆకులూ వేళ్లూ ఇంకా పనిచేస్తూనే ఉంటాయి. మొదట్లోని మొగ్గ మేల్కొని పిలక కావడం మొక్క తనను తాను నిలబెట్టుకునే ప్రయత్నమే. శిఖరం నుంచే పూకాడ వచ్చేసి ఎదుగుదల ఆగిపోయిన మొక్కల్లో కూడా ఇదే జరుగుతుంది.

ముందుగా కుళ్లు ఆగిందో లేదో చూడండి. కుళ్లిన భాగం గోధుమరంగులో మెత్తగా, తడిగా ఉంటే దాన్ని శుభ్రమైన బ్లేడుతో ఆరోగ్యంగా ఉన్న కణజాలం వరకూ తీసివేసి, పొడిగా ఆరనివ్వాలి. ఇకపై నీరు పోసేటప్పుడు ఆకుల మధ్య నిలవకుండా జాగ్రత్తపడాలి. నిలిచిన చుక్కను కాగితం కొసతో అద్దేస్తే చాలు. కుళ్లు ఆగిన పక్షంలో పిలకను తల్లిమీదే వదిలేయండి. తల్లి ఆకులు ఒక్కొక్కటే పసుపుబారి రాలుతూ, పిలక సొంత వేళ్లతో ఆ స్థలాన్ని ఆక్రమిస్తుంది. చివరికి కుండీలో మిగిలేది అదే మొక్క, మీరు చేయవలసిన పని ఏమీ ఉండదు. కుళ్లు కాండంలోకి దిగుతూ పిలక వైపు వస్తున్నప్పుడు మాత్రమే, వేళ్లు ఉన్నా లేకపోయినా, వేరు చేయక తప్పదు. వేళ్లు లేని పిలకను అటువంటి అవసరంలో తడి నాచు పరిచిన మూత డబ్బాలో, ఎండ తగలని వెలుతురులో ఉంచి చూడవచ్చు గాని, బతుకుతుందని హామీ ఇవ్వలేం.

ప్రశ్న: మా డెండ్రోబియం ఈసారి పూలకు బదులు కాండాల పైభాగాన వరసగా చిన్న మొక్కలు వేసింది. ఇది శుభసూచకమా, జబ్బా?

జవాబు: రెండూ కావచ్చు. ఏదో తెలుసుకోవడానికి తల్లి వేళ్లను చూడాలి.

మీది నోబిలే రకానికి చెందిన డెండ్రోబియం అయితే కారణం చాలావరకు చలికాలపు నీరూ ఎరువూ అయి ఉంటుంది. ఈ రకాలు వేసవిలో కాండాలు పెంచి, చలి మొదలయ్యాక కొంతకాలం విశ్రాంతి తీసుకుంటాయి. ఆ విశ్రాంతిలో చల్లదనం దొరికి, నీరు బాగా తగ్గి, ఎరువు పూర్తిగా ఆగితే కణుపు మొగ్గలు పూలవుతాయి. ఆ రోజుల్లో కూడా నత్రజని ఎక్కువున్న ఎరువు వేస్తూ, నీరు తగ్గించకుండా పోస్తూ ఉంటే అవే మొగ్గలు ఆకులు తొడిగి పిలకలవుతాయి. ఇది జబ్బు కాదు, మన మంచితనం ఎక్కువై పూలు పోవడం. పిలకలే కావాలనుకునేవారికి ఇది వరమే.

అలా కాక, వెచ్చని వాతావరణంలో పెరిగే, ఫాలెనాప్సిస్ పూలను పోలిన పూలు పూసే డెండ్రోబియం రకాలు ఉన్నట్టుండి పైకణుపుల్లో పిలకలు వేస్తే, కుండీలో వేళ్లు కుళ్లాయేమోనని అనుమానించాలి. కింద వేళ్లు లేక పైనుంచి కొత్త వేళ్లు వెతుక్కోవడమన్నమాట. మొక్కను మెల్లగా ఊపి చూడండి. కుండీలో గట్టిగా పాతుకుని ఉంటే భయం లేదు. వదులుగా కదిలిపోతుంటే తీసి చూసి, నల్లబడి నొక్కితే చితికిపోయే వేళ్లను తొలగించి, కొత్త బెరడు ముక్కల్లో నాటాలి. పిలకలు ముద్దుగా ఉన్నాయని తల్లి సంగతి మరచిపోతే రెండూ దక్కవు.

డెండ్రోబియం పిలకలను వేరు చేయడం ఫాలెనాప్సిస్ కన్నా తేలిక. వేళ్లు 4, 5 సెంటీమీటర్లు సాగాక పిలక మొదలును చేతివేళ్లతో పట్టుకుని మెల్లగా మెలితిప్పితే చాలాసార్లు బ్లేడు అవసరం లేకుండానే ఊడివస్తుంది. ఒక్కో పిలకకు ఒక్కో కుండీ ఇవ్వడం కన్నా మూడింటిని కలిపి ఒకే చిన్న కుండీలో నాటితే తొందరగా గుబురుగా కనిపిస్తుంది. ఆకులు రాలిపోయిన పాత కాండాలను మాత్రం ఎండిపోయాయని కోసేయకండి. అవి పచ్చగా, గట్టిగా ఉన్నంతవరకు ఆహారం దాచుకున్న గిడ్డంగులే. అక్కడి నుంచే మళ్లీ పూలు రావచ్చు, మళ్లీ పిలకలు రావచ్చు. ఏ కారణం చేతనైనా పాత కాండాన్ని తీసివేయవలసి వస్తే దాన్ని పారేయకుండా రెండు మూడు కణుపులు ఉండేలా ముక్కలు కోసి, కోతలు ఆరాక, తడి నాచు మీద అడ్డంగా పరిచి, మూతపెట్టి నీడలో ఉంచండి. కొన్ని వారాలకో నెలలకో కొన్ని కణుపుల నుంచి పిలకలు లేస్తాయి.

ప్రశ్న: పిలకలు తెప్పించే పేస్టు అమ్ముతున్నారు. అది నిజంగా పనిచేస్తుందా? మాకు పూలు బాగా పూసే ఫాలెనాప్సిస్ ఉంది, పిలక మాత్రం ఎన్నడూ వేయలేదు.

జవాబు: పనిచేస్తుంది, కానీ ప్రతిసారీ కాదు, ప్రతి మొక్క మీదా వాడదగ్గదీ కాదు. ఈ పేస్టుల్లో సాధారణంగా ఉండేది బెంజైల్ అమినో ప్యూరిన్ వంటి సైటోకైనిన్ హార్మోను. దాన్ని లానోలిన్ అనే ఉన్ని కొవ్వులో కలుపుతారు. మొక్కల్లో కణవిభజనను ప్రోత్సహించే ఈ హార్మోను తగిలినప్పుడు నిద్రాణమైన కణుపు మొగ్గ మేల్కొంటుంది. పూకాడ కణుపుల్లో పూర్తి మొక్కను ఇవ్వగల శక్తి ఉందని పెంపకందారులకు తెలిసినది ఈనాటిది కాదు. కోర్నెల్ విశ్వవిద్యాలయంలో గావినో రోటార్ 1949లోనే ఫాలెనాప్సిస్ పూకాడ కణుపులను సూక్ష్మజీవులు లేని సీసాల్లో పెంచి మొక్కలు తీసే పద్ధతిని ప్రకటించారు. ఇంట్లో పేస్టుతో మనం చేసేది ఆ పనినే తల్లిమీద, సీసా లేకుండా చేయించడం.

పూలు రాలడం పూర్తయి, పూకాడ ఇంకా పచ్చగా ఉన్న సమయాన్ని ఎంచుకోండి. కింది కణుపుల్లో ఒకదాన్ని తీసుకుని, దాన్ని కప్పిన పొలుసును బ్లేడు కొసతో నిలువుగా చీల్చి, రెండు ముక్కలనూ పక్కకు లాగి తీసేయండి. లోపల లేతాకుపచ్చగా చిన్న బుడిపె కనిపిస్తుంది, దానికి గాటు పడితే అక్కడితో కథ ముగిసినట్టే. ఆ బుడిపె మీద గుండుసూది తలంత పేస్టు రాస్తే చాలు. ఎక్కువ రాస్తే ఎక్కువ పిలకలు వస్తాయన్న ఆశతో దట్టంగా పూస్తే వంకరటింకర ఆకుల ముద్ద ఒకటి తయారై, ఎన్నటికీ వేళ్లు వేయకుండా ఉండిపోవచ్చు. మొగ్గ కదిలిందో లేదో వారాల్లో తెలుస్తుంది. కొన బిగుసుకుని సన్నగా పొడుచుకువస్తే అది పక్కకొమ్మ, పూలు పూస్తుంది. పక్కలకు వెడల్పై రెండు ఆకుల అంచులు విడివడుతుంటే అది పిలక.

ఈ రెండింటిలో ఏది వస్తుందనేది పేస్టు ఒక్కటే తేల్చదు, వేడిమి కూడా తేలుస్తుంది. ఫాలెనాప్సిస్ పూకాడ మొదలవడానికి సుమారు 25 డిగ్రీల సెల్సియస్, అంతకన్నా తక్కువ చల్లదనం కొన్ని వారాలు కావాలి. 28 డిగ్రీలకు పైన నిలకడగా ఉంటే పూత ఆగి ఆకుల పెరుగుదల సాగుతుంది. అందువల్ల పూకాడ వచ్చాక వాతావరణం బాగా వేడెక్కితే పేస్టు లేకుండానే పిలకలు రావడం కద్దు. జాతి లక్షణం కూడా ఉంది. ఫాలెనాప్సిస్ ఈక్వెస్ట్రిస్, ఫాలెనాప్సిస్ లూడెమానియానా వంటి జాతులు ఎవరూ అడగకుండానే పిలకలు వేస్తాయి. పెద్ద తెల్లపూల సంకరాలు చాలావరకు అంత తేలిగ్గా వేయవు.

నాలుగు గట్టి ఆకులూ, కుండీ గోడల వెంట తెల్లని గట్టి వేళ్లూ లేని మొక్క మీద ఈ పేస్టు రాయవద్దు. ఒక పూకాడకు ఒక కణుపు చాలు. నా అభిప్రాయంలో ఇది అవసరం కొద్దీ కన్నా ఆత్రం కొద్దీ అమ్ముడుపోయే సరుకు, అయినా మళ్లీ దొరకదనుకునే మొక్క ఏదైనా ఉంటే దానికి ఒక నకలు తీసి పెట్టుకోవడానికి వాడడంలో తప్పు లేదు.

ప్రశ్న: కాట్లియా, ఆన్సీడియం మొక్కలు ఉన్నాయి. వాటి పూకాడలకు పిలకలు ఎప్పుడు వస్తాయి?

జవాబు: వాటి కోసం ఎదురుచూడకండి. ఆర్కిడ్లలో పెరుగుదల తీరు ముఖ్యంగా రెండు విధాలు. ఫాలెనాప్సిస్, వాండా ఒకే కాండంతో పైపైకి పెరుగుతాయి. కాట్లియా, ఆన్సీడియం, సింబిడియం వంటివి పసుపు కొమ్ములా అడ్డంగా పాకే కాండం నుంచి ఏటా కొత్త ఉబ్బు కాండాన్ని లేపుతూ ముందుకు జరుగుతాయి. డెండ్రోబియం కూడా నిజానికి ఈ రెండో కోవదే గాని, కణుపుల నుంచి పిలకలు వేసే గుణం దానికి అదనం. పాకే జాతులను సాధారణంగా విభజించి పెంచుతారు.

విభజనలో జరిగే ప్రధానమైన పొరపాటు ముక్కలు ఎక్కువ చేయడం. ఒక్కో భాగానికి మూడు లేదా నాలుగు ఉబ్బు కాండాలు, వాటిలో కనీసం ఒకదాని మొదట్లో ఉబ్బెత్తుగా కనిపించే కొత్త మొగ్గ ఉండాలి. ఆరు కాండాల మొక్కను మూడు భాగాలు చేస్తే మూడు మొక్కలు కావు, ఏళ్ల తరబడి పూయని మూడు రోగులవుతారు. సమయం విషయంలో కాట్లియాల పట్టుదల మరింత ఎక్కువ: కొత్త కాండం మొదట్లో ఆకుపచ్చని వేరు మొనలు పొడుచుకురావడం మొదలైనప్పుడు చేస్తే ఆ వేళ్లు కొత్త కుండీలోకే దిగుతాయి, అవి సాగిపోయాక చేస్తే విరిగి, మరుసటి పెరుగుదల దాకా మొక్క స్తంభించిపోతుంది.

తొందర లేనివారు విభజనకు కొన్ని నెలల ముందే కుండీలో ఉండగానే పాకే కాండాన్ని కోయదలచిన చోట సగానికి పైగా గాటుపెట్టి వదిలేస్తారు. ముందున్న మొగ్గ ప్రభావం తగ్గి, గాటుకు వెనుక వైపు పాత కాండాల మొదట్లోని మొగ్గ ఒకటి మేల్కొంటుంది. అది లేచాక విడదీస్తే వెనుక భాగానికి కూడా ఎదిగే దారి ఉంటుంది. సింబిడియంలో అయితే ఆకులు రాలిన పాత ఉబ్బు కాండం ఒంటరిగా ఉన్నా, తడి నాచులో పెడితే మొలకెత్తే అవకాశం ఉంది; పూయడానికి మాత్రం కొన్నేళ్లు ఓపిక పట్టాలి.

ప్రశ్న: నాటిన పిలక ఆకులు ముడతలు పడుతున్నాయి. నీరు చాలడం లేదని రోజూ పోస్తున్నాను. ఇంకా వాడిపోతోంది.

జవాబు: రోజూ పోయడమే బహుశా కారణం. ఆర్కిడ్ వేరును ఒకసారి పరీక్షగా చూడండి. మధ్యలో సన్నని తీగలాంటి అసలు వేరు, దాని చుట్టూ వెలామెన్ అనే స్పంజి పొర ఉంటాయి. పొడిగా ఉన్నప్పుడు ఆ పొరలోని కణాలు గాలితో నిండి వేరు వెండిరంగులో తెల్లగా కనిపిస్తుంది. నీరు తగలగానే అదే వేరు క్షణాల్లో ఆకుపచ్చగా మారుతుంది. వెండిరంగుకు వచ్చినప్పుడు నీరు పోయడం, ఆకుపచ్చగా ఉన్నంతసేపు ఆగడం అనే ఒక్క గుర్తు పెట్టుకుంటే నీటి గురించి వేరే లెక్కలు అక్కర్లేదు. పారదర్శకమైన కుండీ మంచిదని ముందు చెప్పింది ఇందుకే. వెలామెన్ ఎప్పుడూ తడిగా ఉంటే లోపలి వేరుకు గాలి ఆడక కుళ్లిపోతుంది. వేళ్లు కుళ్లిన మొక్కకూ, నీరు లేని మొక్కకూ ఆకులు ఒకేలా ముడతలు పడతాయి, ఎందుకంటే రెండింటిలోనూ ఆకుకు నీరు అందడం లేదు. అందుకే చాలామంది సరిగ్గా వ్యతిరేకమైన మందు వేస్తారు.

పిలకను కుండీలోంచి తీసి, వేళ్లను ఒక్కొక్కటే రెండు చేతివేళ్ల మధ్య నొక్కి చూడండి. గట్టిగా ఉన్నవి ఉంచండి. తొక్క ఊడి లోపలి తీగ మాత్రమే మిగిలినవాటినీ, చితికి నీరు కారేవాటినీ కత్తిరించండి. ఆ తరువాత కొత్త నాచులోనో, నాచుతో కలిపిన సన్నని బెరడు ముక్కల్లోనో నాటి, చుట్టూ గాలిలో తేమ 60, 70 శాతం ఉండేలా, రంధ్రాలు చేసిన పారదర్శకమైన సంచిని వదులుగా తొడగండి. నాచు తడిపాక గట్టిగా పిండాలి, కుండీలో కుక్కకూడదు. కొబ్బరి డొక్క ముక్కలు వాడేవారు వాటిని చాలాసార్లు నీళ్లు మారుస్తూ నానబెట్టాకే వాడాలి. వాటిలో ఉప్పు మిగిలితే లేత వేరు మొనలు మాడిపోతాయి. ఎరువు ఇప్పుడు వద్దు. కొత్త వేరు మొన మెరుస్తూ సాగడం కనిపించాక, డబ్బా మీద రాసిన మోతాదులో నాలుగో వంతుతో మొదలుపెట్టండి.

కోతల మీద దాల్చినచెక్క పొడి అద్దే అలవాటు చాలామందికి ఉంది. కాడ మీది గాయానికి అద్దితే అది త్వరగా ఆరుతుంది. అదే పొడి వేళ్ల మీద పడితే వేళ్లను కూడా అలాగే ఎండగొడుతుంది కాబట్టి అక్కడ చల్లకండి.

ప్రశ్న: పిలకలు కోసే కత్తెరను స్పిరిట్‌తో తుడిస్తే సరిపోతుందా?

జవాబు: శిలీంద్రాలూ బాక్టీరియా విషయంలో కొంతవరకు సరిపోతుంది, వైరస్‌ల విషయంలో దాన్ని నమ్మలేం. ఆర్కిడ్లకు ఎక్కువగా సోకే వైరస్‌లు రెండు: సింబిడియం మొజాయిక్ వైరస్, ఒడాంటోగ్లోసమ్ రింగ్‌స్పాట్ వైరస్. ఇవి ముఖ్యంగా కోసే పనిముట్ల ద్వారా ఒక మొక్క రసం మరో మొక్కకు అంటి వ్యాపిస్తాయి, సోకిన మొక్కకు వైద్యం లేదు. ఒక్కో మొక్కకు ఒక్కో కొత్త బ్లేడు వాడి పారేయడం అన్నిటికన్నా తేలిక. లోహపు కత్తెర అయితే మంట మీద ఎర్రగా కాల్చి చల్లార్చాలి. పాత కుండీలనూ, పాత నాచునూ పిలకలకు మళ్లీ వాడకండి.

ఇంకొక విషయం ఎవరూ అడగలేదు గాని చెప్పవలసి ఉంది. పిలక తల్లికి అచ్చమైన నకలు కాబట్టి తల్లిలో ఉన్న వైరస్ కూడా దానికి వారసత్వంగా వస్తుందనే అనుకోవాలి. ఆకుల మీద పల్లంగా దిగిన నల్లని చారలు, పూరేకుల్లో రంగు చెదిరిన మచ్చలు కనిపించే మొక్క నుంచి పిలకలు తీసి స్నేహితులకు పంచకండి. పైకి ఏ లక్షణమూ లేకుండా వైరస్ మోసే మొక్కలూ ఉంటాయి. అనుమానం ఉంటే పరీక్షా పట్టీలతోనే తేలుతుంది.

ప్రశ్న: మా ఆర్కిడ్‌కు కాయ కాసింది. పిలకల కోసం ఆగడం కన్నా విత్తనాలు చల్లుకోవడం మేలు కదా?

జవాబు: ఒక్క కాయలో లక్షల విత్తనాలు ఉండవచ్చు, కానీ వాటిని కుండీలో చల్లితే మొలవవు. ధూళిలా ఎగిరే ఆ విత్తనంలో మొలకకు దాచిన ఆహారం ఉండదు. ప్రకృతిలో ఒక శిలీంద్రం లోపలికి చొచ్చుకుని దానికి పోషణ అందిస్తేనే మొలుస్తుంది. ఈ సంగతిని ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త నోయెల్ బెర్నార్ 1899లో గుర్తించారు. శిలీంద్రం లేకపోయినా చక్కెర కలిపిన, సూక్ష్మజీవులు లేని మాధ్యమంలో ఆర్కిడ్ విత్తనాలు మొలుస్తాయని అమెరికా వృక్షశాస్త్రవేత్త లూయిస్ నడ్సన్ 1922లో నిరూపించారు. ఈనాటికీ ప్రయోగశాలల్లో జరిగేది అదే, ఇంట్లో మామూలుగా అయ్యే పని కాదు. అయినా మొలిచే మొక్కలు తల్లిని పోలి ఉండవు. సంకర మొక్క విత్తనాల్లో ప్రతిదీ వేరుగా ఉంటుంది. మీకు నచ్చిన ఆ పువ్వే మళ్లీ కావాలంటే పిలకే దారి. కాయ పండడానికి చాలా నెలలు పట్టి మొక్క బలాన్ని లాగేస్తుంది కాబట్టి చిన్న మొక్క అయితే కాయను తుంచేయండి.

ప్రశ్న: ఆర్కిడ్ పెంపకానికి కొత్త. పిలకల పని నేర్చుకోవడానికి దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: సన్నని రెల్లులాంటి కాండాలతో పెరిగే ఎపిడెండ్రం రకాలతో. పూసిన కాండాల మీద అవి ఉదారంగా పిలకలు వేస్తాయి, వాటికి వేళ్లు కూడా చాలావరకు కాండం మీదే వచ్చేస్తాయి. ఒకటి పోయినా మరొకటి సిద్ధంగా ఉంటుంది. పాఫియోపెడిలమ్‌తో మాత్రం మొదలుపెట్టకండి. అందులో ఒకసారి పూసిన ఆకుగుత్తి మళ్లీ పూయదు, మొక్క బలమంతా పక్కన లేచే కొత్త గుత్తుల్లోనే ఉంటుంది కాబట్టి ఆత్రపడి విడదీసినవారికి పూలు కనబడవు.

ప్రశ్న: పిలక ఎన్నాళ్లకు పూస్తుంది? మా పిలక తల్లిమీద ఉండగానే చిన్న పూకాడ వేసింది. ఉంచాలా, తీసేయాలా?

జవాబు: వేరు చేసిన ఫాలెనాప్సిస్ పిలక పూతకు రావడానికి సాధారణంగా రెండు మూడేళ్లు పడుతుంది, డెండ్రోబియం, ఎపిడెండ్రం అంతకన్నా తొందరపడతాయి. తల్లిమీద ఉన్న పిలక పూకాడ వేయడం అరుదేమీ కాదు. ఆ పూలకు కావలసిన ఆహారాన్ని తల్లే ఇస్తుంది, వేరు చేసేవరకూ దానివల్ల పెద్ద నష్టం లేదు. కానీ పిలకకు ఇంకా వేళ్లు లేకపోతే ఆ చిన్న పూకాడను వేలెడు పొడవు పెరగకముందే తుంచేయండి, వేళ్లు సాగిన పిలక అయితే పూలు చూసి, అవి రాలాక పూకాడ కోసి, అప్పుడు వేరు చేయండి. పూకాడతో ఉన్న పిలకను మాత్రం కోసి కుండీలో పెట్టకండి.